భయం అమ్మిన షోరూం

నేను కారు కొన్నది బస్సుల మీద విరక్తితో. నేను ఫిజియోథెరపిస్టును. కర్నూలులో ఒక చిన్న క్లినిక్ ఉంది. వారంలో కొన్ని రోజులు కడపలో ఒక ఆస్పత్రికి వెళ్లి అక్కడి రోగులను చూస్తాను. మోకాళ్లు, నడుములు, పక్షవాతం వచ్చి కోలుకుంటున్న చేతులు. ఇతరుల నడుములు బాగుచేయడానికి బయల్దేరి, మైదుకూరు దాటేసరికి నా నడుము నేనే పట్టుకొని కూర్చునేదాన్ని. ఒక వేసవిలో సీటు దొరక్క ఆళ్లగడ్డ దాకా నిలబడి ప్రయాణం చేశాను. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా, కారు కొంటున్నానని మా ఆయనతో చెప్పాను. కొందామా అని అడగలేదు.

మా ఆయన జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతారు. మంచి మనిషి. జరగగల ప్రతి చెడునూ ముందే ఊహించుకుని, అది జరిగేలోపు పడాల్సిన బాధంతా పడి పెట్టుకునే మనిషి. ఆయన డ్రైవింగ్ నేర్చుకోలేదు. ఎదుటివాళ్లు ఎలా నడుపుతారో మన చేతుల్లో ఉండదు కదా అంటారు. నేను నేర్చుకున్నాను.

ఈ కబురు కమలాపురం దగ్గర మా పుట్టింటికి చేరింది. వెంటనే మా అన్న రంగంలోకి దిగాడు. మా అన్న సేద్యం మానేసి చాలా కాలమైంది. రోడ్ల కాంట్రాక్టులు చేస్తాడు. ఎన్నికలప్పుడు ఒక నాయకుడి వెనక తిరుగుతాడు. మిగతా కాలమంతా, తిరిగిన సంగతి చెప్పుకుంటాడు.

"కారంటే చీర కాదు పాపా. నువ్వొక్కదానివే పోతే నీ నెత్తిన టోపీ పెడతారు. నేనొస్తా" అన్నాడు ఫోనులో.

"నడిపేది నేనే కదన్నా."

"నడిపేది వేరే, కొనేది వేరే."

వద్దంటే అది ఇంకో పెద్ద పంచాయితీ అవుతుంది. రమ్మన్నాను.

షోరూం కర్నూలు ఊరి బయట, హైవే పక్కన ఉంది. చుట్టూ ఎర్రమట్టి, కంప చెట్లు, మధ్యలో అద్దాల మేడ. లోపల అడుగు పెట్టగానే ముఖానికి చల్లగాలి, దాని వెనకే ఘాటైన అత్తరు వాసన తగిలాయి. ఇనుమూ రబ్బరూ అమ్మే చోట అంత సువాసన ఎందుకో నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. వేలెడంత కాగితపు కప్పుల్లో కాఫీ ఇచ్చారు. మా అన్న సోఫాలో కాళ్లు చాపి కూర్చుని, తను ఎవరి మనిషో పక్కవాళ్లకు వినపడేలా ఎవరితోనో ఫోనులో మాట్లాడడం మొదలుపెట్టాడు.

సేల్స్ అబ్బాయి వచ్చాడు. నల్ల ప్యాంటు, మెడలో గుర్తింపు కార్డు. వాడి భుజాలు ముందుకు వంగి ఉన్నాయి, మెడ చాచి మాట్లాడుతున్నాడు. నలభై ఏళ్లకే మెడ నొప్పితో నాలాంటివాళ్ల దగ్గరికి వచ్చే వాలకం. కారు నాకు అని మొదటి మాటలోనే చెప్పాను. వాడు నాకు నమస్కారం పెట్టి, మా అన్న వైపు తిరిగి, ఆ తర్వాత చెప్పాల్సినదంతా మా అన్నకే చెప్పాడు.

"లీటరుకు ఎంత వస్తుంది?" అని నేను అడిగాను. జవాబు మా అన్నకు వెళ్లింది. "డిక్కీలో వీల్‌చెయిర్ పడుతుందా?" అని అడిగాను. ఆ జవాబూ మా అన్నకే వెళ్లింది. నడిపి చూడడానికి తాళం తీసి మా అన్న చేతిలో పెట్టబోతే, మధ్యలో నేను అందుకున్నాను. వాడు వెనక సీట్లో కూర్చుని, దారి పొడుగునా "సార్, ఎంత స్మూత్‌గా ఉందో చూశారా సార్" అంటూనే ఉన్నాడు. సార్ పక్క సీట్లో సెల్‌ఫోన్ చూసుకుంటున్నాడు.

కారు బాగానే ఉంది. ఆ మాట ఒప్పుకోవాలి. సీటు నడుముకు సరిగ్గా ఆనింది. నాకు కావలసింది అదే. వాడు మాత్రం ఆ కారును దేవుడి రథంలా వర్ణించాడు. "ఈ బండికి పదేళ్ల వరకు ఏ సమస్యా ఉండదండి. బానెట్ ఎత్తాల్సిన పనే లేదు. ఆయిల్ మార్చుకుంటూ నడుపుకోవడమే" అన్నాడు. టీవీలో మాట్లాడేవాళ్ల తెలుగు వాడిది. ప్రతి మాట చివరా 'అండి'.

బేరం కుదిరింది, అడ్వాన్సు కట్టాను. అప్పుడు మమ్మల్ని మేనేజరు గదిలోకి తీసుకెళ్లారు. అదీ అద్దాల గదే. మేనేజరు చల్లగా నవ్వి, నన్ను చూసి, మా అన్నను చూసి, "సార్ మీ హస్బెండా మేడం?" అని అడిగాడు. అన్న అని చెప్పాను. "ఆ, పోలికలుండాయి" అన్నాడు, ముందు అడిగిన ప్రశ్నకు ఏమాత్రం సిగ్గుపడకుండా.

సేల్స్ అబ్బాయి ఒక రంగుల కాగితం నా ముందు పెట్టాడు. ఆ రోజు వాడు నాతో నేరుగా మాట్లాడడం అదే మొదలు. ఎక్స్‌టెండెడ్ వారంటీ. కంపెనీ ఎలాగూ కొన్నేళ్లు వారంటీ ఇస్తుంది. అది అయిపోయాక ఇంకొన్నేళ్లు ఏది చెడినా వాళ్లే బాగుచేసి ఇవ్వాలంటే, దానికి ఇప్పుడే డబ్బు కట్టాలి. విషయం ఇంతే. అయితే వాడు చెప్పిన తీరు వేరు. గొంతు తగ్గించాడు. రోగి పరిస్థితి బాగాలేదని బంధువులకు చెప్పే డాక్టరులా కుర్చీ దగ్గరికి జరిగాడు.

"మేడం, ఇప్పుడు బండ్లన్నీ సెన్సర్లేనండి. ఎప్పుడేది పోతుందో ఎవరూ చెప్పలేరు. పైగా మన కర్నూలు ఎండలు, ఈ దుమ్ము. ఏసీ పోవచ్చు, స్టీరింగ్ పోవచ్చు. ముందున్న స్క్రీన్ పోతే ఒక్కదానికే ఎంతవుతుందో తెలుసాండి?"

"ఇందాక పదేళ్లు బానెట్ ఎత్తే పని లేదన్నావు కదా?"

వాడు మేనేజరు వైపు చూశాడు. మేనేజరు నవ్వాడు. "మేడం, అది బండి గురించి. ఇది సేఫ్టీ గురించి" అన్నాడు.

"రెండూ ఒకే బండి గురించి కాదా?"

జవాబుగా మళ్లీ నవ్వే వచ్చింది. గంట క్రితం దేవుడి రథంగా ఉన్నది, అడ్వాన్సు కట్టగానే ఎప్పుడు కూలుతుందో తెలియని పాత మిద్దె అయిపోయింది. అదే కారు, అదే నోరు. రెండు మాటల్లో ఒకటి అబద్ధమైనా కావాలి, లేదా ఈ మనిషికి రెండింటి సంగతీ తెలియకనైనా ఉండాలి. నా దగ్గరికి వచ్చేవాళ్లు కూడా "మోకాలు మళ్లీ కొత్తదానిలా అవుతాదా మేడం, గ్యారంటీనా" అని అడుగుతారు. కాదని చెబుతాను. నడవగలుగుతారు, మెట్లెక్కేటప్పుడు నొస్తుంది అని చెబుతాను. కొందరు లేచిపోయి, గ్యారంటీ ఇచ్చేవాడి దగ్గరికి వెళ్తారు. పోనీ అనుకుంటాను.

"సరే, దీని షరతులు ఇవ్వండి. ఏవి ఇందులోకి వస్తాయో, ఏవి రావో ఇంటికి తీసుకెళ్లి చదివి చెబుతాను" అన్నాను.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "అన్నీ వస్తాయి మేడం" అన్నాడు మేనేజరు.

"టైర్లు?"

"టైర్లు రావు."

"బ్యాటరీ?"

"బ్యాటరీ కూడా రాదు మేడం. మామూలుగా అరిగిపోయేవి రావు. మిగతావన్నీ వస్తాయి."

"ఆ మిగతావి రాసి ఉన్న కాగితం ఇవ్వండి."

"అది డబ్బు కట్టినాక మీ మెయిల్‌కు వస్తుంది మేడం."

"మీరు చదివారా?"

ఆ ప్రశ్న ఆ గదిలో అంతకుముందు ఎవరూ అడిగినట్టు లేదు. మేనేజరు కాఫీ తెప్పించమన్నట్టు సేల్స్ అబ్బాయికి సైగ చేశాడు. వాళ్లిద్దరూ రోజుకు ఎంతమందికి అది అమ్ముతున్నారో గానీ, ఇద్దరిలో ఒక్కడూ అది చదవలేదు. చదవని సరుకు అమ్ముతూ, చదువుతానన్న మనిషిని పిసినారిలా చూస్తున్నారు.

మా అన్న అప్పుడు ఫోను జేబులో పెట్టాడు. "ఏయించుకో పాపా. ఎదవ దుడ్లు. మన ఇండ్లలో ఇట్లాంటివాటికి ఎనకాముందు చూడము" అన్నాడు.

మేనేజరు ముఖం వెలిగింది. "సార్ కరెక్టుగా చెప్పినారు. పెద్ద కుటుంబాలోళ్లు అసలు అడగనే అడగరు మేడం, ఏసేయండి అంటారంతే."

అడగకపోవడం పెద్దరికమట. పెద్దవాళ్లను ఎంత తేలిగ్గా దోచుకోవచ్చో ఆ మాటతో తెలిసింది. ఆలోచించి చెబుతానని లేచాను.

కారు చేతికి రావడానికి ఇంకా వారం పైనే ఉంది. ఆ రోజులన్నీ ఆ అబ్బాయి ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. రోజూ ఆఖరి రోజే. "మేడం, ఈ ఆఫర్ ఈ రోజుతో క్లోజ్ అండి." మరుసటి రోజు మళ్లీ అదే. రోగి భుజం నా చేతుల్లో ఉండగా ఒకసారి చేశాడు. "నిన్న క్లోజ్ అయింది కదప్పా?" అన్నాను. "మీ కోసం మాట్లాడి పెట్టినానండి" అన్నాడు. నా కోసం అంత కష్టపడే మనిషి నా పేరు మాత్రం ప్రతిసారీ తప్పుగానే పలికాడు.

మా ఆయన మాత్రం వాడు చెప్పింది నేను ఇంట్లో చెప్పిన క్షణం నుంచి వాడి పక్షం. అన్నం తింటూ ఆగి, "స్టీరింగ్ పోతుందన్నాడా?" అని అడిగారు.

"పోవచ్చన్నాడు."

"నడుపుతుండగానా?"

"వారంటీ ఉన్నంత మాత్రాన నడుపుతుండగా పోకుండా ఉంటుందా? పోయాక బిల్లు ఎవరు కడతారన్నదే కదా అది."

"అయినా తీసుకుంటే నిద్రన్నా పడుతుంది."

ఈ మనిషి పిల్లలకు సంభావ్యత చెబుతాడు. బోర్డు మీద నాణేలు ఎగరేసి, పాచికలు వేసి చూపిస్తాడు. కంపెనీ ఆ డబ్బు అడుగుతున్నదంటే, సగటున దానికయ్యే ఖర్చు అంతకన్నా తక్కువేనని ఆయనకు నేను చెప్పాల్సి వచ్చింది. "అది సగటు. మనది ఒక్క బండి" అన్నారు. లెక్కలు వచ్చినవాళ్ల భయం లెక్కలు రానివాళ్ల భయం కన్నా మొండిది. దానికి వాదించడం కూడా వచ్చు.

కారు ఇచ్చే రోజు మా ఆయన కూడా నాతో బయల్దేరారు. మా అన్న తెల్ల బట్టలేసుకుని వచ్చాడు. షోరూంలో మా కారు మీద ఎర్ర పట్టుగుడ్డ కప్పి పెట్టారు, ఏదో విగ్రహం ఆవిష్కరిస్తున్నట్టు. అట్టముక్కతో చేసిన ఇంత పొడుగు తాళంచెవి, ఫోటో కోసం. బల్ల మీద కేకు. చప్పట్లు కొట్టడానికి పనిమానుకుని వచ్చి వరుసగా నిలబడ్డ సిబ్బంది. ఆ పక్కన పంతులు, నిమ్మకాయలు, కొబ్బరికాయ. రాహుకాలం రాకముందే గేటు దాటాలని మా అన్న అప్పటికే హడావిడి పెడుతున్నాడు.

బిల్లు ఇచ్చి సంతకం పెట్టమన్నారు. చదివాను. కింది వరుసల్లో ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉంది.

"ఇది ఎవరు వేయమన్నారు?"

సేల్స్ అబ్బాయి మా అన్నను చూశాడు. మా అన్న సిగ్గుపడలేదు. "నేనే ఏసేయమన్నా. ఏమిప్పుడు?" అన్నాడు.

"కట్టేది ఎవరన్నా?"

"ఎవరు కడితే ఏం? మన ఇంటి ఆడబిడ్డ బండి యాడన్నా రోడ్డు మీద నిల్చిపోతే నాకు కాదా నామర్దా?"

"ఎండలో నిలబడేది నేనైతే నామర్దా నీకా?"

మేనేజరు మధ్యలోకి వచ్చాడు. "మేడం, సిస్టంలో ఎక్కిపోయినాది. ఇప్పుడు తీయాలంటే శానా కష్టం."

"ఎక్కించిన చేత్తో తీయలేరా?"

"అకౌంట్స్ ఆయన భోజనానికి పోయినాడు మేడం."

"రానివ్వండి. అది తీసేసిన బిల్లు వచ్చేదాకా నేను తాళం తీసుకోను."

వెళ్లి సోఫాలో కూర్చున్నాను. మా ఆయన వచ్చి పక్కన కూర్చున్నారు. నా వైపు ఉండడానికి కూర్చున్నారో, మా అన్న పక్కన నిలబడడం ఇష్టం లేక కూర్చున్నారో నాకు ఈ రోజుకీ తెలియదు.

చప్పట్ల వరుస కాసేపు అలాగే నిలబడి, ఎవరికి వాళ్లు జారుకున్నారు. పంతులు గడియారం చూసుకుంటున్నాడు. మా అన్న అటూ ఇటూ తిరిగి వచ్చి నా ముందు నిలబడ్డాడు. గొంతు తగ్గించి, "పదిమందిలో నా పరువు తీస్తాండావు. గమ్మున సంతకం పెట్టి లెయ్. నీకేమన్నా తిక్కనా?" అన్నాడు.

"నా పేరు మీద బిల్లు వేయించింది నువ్వు. తిక్క నాకా?"

"నీ మంచికే కదా సేసింది."

"అడిగి చేసుంటే మంచి."

ఇంతలో ఇంకో కుటుంబం కారు తీసుకోవడానికి వచ్చింది. వాళ్లకు పట్టుగుడ్డ కావాలి, అట్ట తాళంచెవి కావాలి. సేల్స్ అబ్బాయి చెమటలు తుడుచుకుంటూ మా దగ్గరికొచ్చాడు. టీవీ తెలుగు ఎక్కడో జారిపోయింది. "మేడం, ఏమనుకోవద్దు, ఆ కేకు వాళ్లకిస్తాం. మీకు మళ్లా తెప్పిస్తా. అద్దాల్లోంచి పడే ఎండకు కారిపోతాండాది" అన్నాడు. ఆ రోజు మొత్తంలో వాడు చెప్పిన నిజమైన మాట అదే. ఇచ్చేయమన్నాను. మా పేరున్న చోట కత్తితో నున్నగా చెరిపి, ఆ కేకును వాళ్లు కోశారు. చప్పట్లు మోగాయి. ఆ ఇంటి పెద్దాయన తనకిచ్చిన కాగితాలన్నింటి మీదా ఒక్కటీ చూడకుండా సంతకాలు పెట్టాడు. మేనేజరు నావైపు ఒక చూపు చూశాడు. చూడండి, మనుషులంటే ఇట్లుండాలి అన్నట్టు.

భోజనానికి వెళ్లినాయన తిరిగొచ్చాడు. శానా కష్టమన్న పని ఆయన నాలుగు మీటలు నొక్కి చేసేశాడు. కొత్త బిల్లు వచ్చింది. రాహుకాలం వచ్చింది. మా అన్న వెళ్లిపోయాడు. "నీ బండి నువ్వే చూసుకో, నీ తంటాలు నువ్వే పడు" అని, మా ఇంట్లో వండిపెట్టిన భోజనం కూడా తినకుండా కమలాపురం దారి పట్టాడు. పంతులు ఆ వేళలో కొబ్బరికాయ కొట్టనన్నాడు. నేనే నిమ్మకాయలు చక్రాల కింద పెట్టి, నేనే తొక్కించుకుని బయటికొచ్చాను. మా ఆయన సీటుబెల్టు రెండుసార్లు లాగి చూసుకున్నారు.

కథ ఇక్కడితో ఆపేస్తే నేను గెలిచినట్టు ఉంటుంది. అలా జరగలేదు.

నాలుగో ఏడు మే నెలలో, మా ఆయనతో కలిసి కడప నుంచి తిరిగి వస్తుంటే చాగలమర్రి దగ్గర ఏసీ ఆగిపోయింది. కిటికీలు దించితే పొయ్యి మీద మూత తీసినట్టు గాలి. మా ఆయన తడిగుడ్డ తల మీద వేసుకుని కూర్చున్నారు. 'తీసుకుని ఉంటే' అన్న మాట కర్నూలు దాకా ఆయన నోట రాలేదు. అందుకు ఆయనను నేను ఎంత గౌరవించానో ఆయనకు చెప్పలేదు.

కంప్రెసర్ పోయిందన్నారు. కంపెనీ ఇచ్చిన వారంటీ అంతకుముందే అయిపోయింది. అదే షోరూం వెనకున్న వర్క్‌షాపు, అదే మేనేజరు. మనిషి కొంచెం లావయ్యాడు. నన్ను వెంటనే గుర్తుపట్టాడు. నాలుగేళ్లుగా నా కోసమే అక్కడ కూర్చున్నట్టు నవ్వాడు.

"చూడండి మేడం. ఆ పొద్దు తీసుకొనుంటే ఇప్పుడు మీకు రూపాయి ఖర్చయ్యేది కాదు."

నిజమే. కనుక్కున్నాను. ఆ పరికరం అందులోకి వచ్చేదే. అప్పుడు వారంటీకి వాళ్లడిగిన దానికన్నా ఎక్కువే వదిలింది నాకు.

"మరి పదేళ్లు ఏ సమస్యా రాదని మీ అబ్బాయి చెప్పాడు కదా?"

"అమ్మేటోళ్లు ఏదో ఒకటి చెప్తారు కద మేడం" అన్నాడు, ఎంతో మామూలుగా.

ఆ మాటతో నాకున్న కొద్దిపాటి విచారమూ పోయింది. ఈ మనిషి నోటి నుంచి వచ్చిన ఏ మాటకూ నేను ముందుగా డబ్బు కట్టలేదు. అది చాలు. బిల్లు కట్టి, మళ్లీ నవ్వే అవకాశం వాడికివ్వకుండా వచ్చేశాను.

సాయంత్రానికే కబురు కమలాపురం చేరింది. మా అన్న ఫోన్ చేశాడు. ఆ రోజు తర్వాత మేం పెళ్లిళ్లలో పలకరించుకోవడమే గానీ, తనంతట తను ఫోన్ చేయడం అదే మొదలు.

"ఏసీ పోయిందంట కదా పాపా" అన్నాడు. గొంతులో పండగ ఉంది. "చెప్తే ఇంటివా? పెద్దోళ్లు చెప్పినప్పుడు ఇనల్ల."

"నువ్వు చెప్పలేదన్నా. అడక్కుండా వేయించావు."

"ఏదో ఒకటి. నేనన్నదే జరిగింది కదా" అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు సంతోషంగా మాట్లాడాడు, పిల్లల గురించి, ఈసారి ఊళ్లో శనగ పంట గురించి. ఒక కంప్రెసర్ చెడిపోతే తప్ప చెల్లెలితో మాట్లాడలేని మనిషిని ఏమనాలో నాకు తెలియలేదు. అప్పటి నుంచి మళ్లీ మామూలుగానే ఫోన్ చేస్తున్నాడు.

కారు ఇంకా నా దగ్గరే ఉంది. ఈ మధ్య కడప ఆస్పత్రికి రాయచోటి నుంచి ఒక టీచరమ్మ వస్తున్నది. భుజం బిగుసుకుపోయి చెయ్యి పైకి లేవదు. కొత్త కారు కొంటున్నామని, ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోమంటారా వద్దంటారా అని అడిగింది. తీసుకోవడం, మానడం మీ ఇష్టం, కాకపోతే షరతులు ముందే ఇమ్మని అడగండి, ఇవ్వకపోతే డబ్బు కట్టకండి అని చెప్పాను. నా సంగతి కూడా చెప్పాను, ఏసీతో సహా.

తర్వాతి వారం వచ్చినప్పుడు ఏం చేశారని అడిగాను.

"అడిగితిని మేడం. షోరూమోళ్లు నవ్వినారు. తీసుకుంటిమి."

"ఇవ్వకపోయినా తీసుకున్నారా?"

"మా ఆయన తీసుకుందామనె, మా నాయన తీసుకోమనె. ఇంతమందితో పోట్లాడేకి నాకు యాడ అయితాది మేడం? ఈ చెయ్యి పైకెత్తేకే అయితాలేదు."

ఆ మేనేజరు మీద ఉన్నంత చులకన నాకు ఈమె మీద రావాలి. రాలేదు. లేచి గోడ దగ్గర నిలబడమన్నాను. అరచెయ్యి గోడకు ఆనించి, వేళ్లను ఒక్కొక్కటిగా పైకి పాకించమన్నాను. ఆమె పళ్లు బిగబట్టి మొదలుపెట్టింది.